మెట్ల మీద స్తోత్రం

నా గురించి నలుగురిలో చేసిన ప్రార్థనకు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎవరైనా మనల్ని తిడితే తిరిగి తిట్టొచ్చు, లేదా లేచి వచ్చేయొచ్చు. ప్రార్థన చేస్తుంటే ఏం చేస్తాం? కళ్లు మూసుకుని తల వంచుకుని ఉంటాం. మాట ఎటు పోతోందో అర్థమయ్యేలోపే ఆమెన్ బయటికి వచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచి అలవాటు పడిన నోరు అది, నన్ను అడిగి తెరుచుకోదు.

అసలు సంగతి సిస్టరమ్మతో మొదలుపెట్టాలి. ఆమె రిటైరైన నర్సు. మా చర్చి సంఘంలో ఆడవాళ్లందరం ఒకరికొకరం సిస్టర్లమే గానీ, ఆసుపత్రిలో కూడా సిస్టర్ అనిపించుకున్నది ఆమె ఒక్కతే కాబట్టి ఆమె పేరుకు మాత్రం చివర 'అమ్మ' చేరింది. కోస్తా నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక కూడా హైదరాబాద్ పాతబస్తీలో ఈ ఛత్రినాకలోనే, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పై పోర్షన్‌లో ఉండిపోయింది. ఆ పోర్షన్‌కు గోడ పక్క నుంచి నిటారుగా మెట్లు. మొత్తం ఇరవై మూడు.

నా కూతురికి టైఫాయిడ్ వచ్చినప్పుడు రోజుకు రెండుసార్లు ఆ మెట్లు దిగివచ్చి సూది వేసింది ఆమే. అప్పటికి నేనీ గల్లీకి కొత్త, సంఘానికి ఇంకా కొత్త. పిల్ల ఏడిస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని భయం తీరేదాకా సంచిలోంచి సూది బయటికే తీసేది కాదు. రెండేళ్ల కింద ఆమె స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది, వాకర్ పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా నడవగలదు, అంతే. పొద్దున, సాయంత్రం పనామె చూసుకుంటుంది. మధ్యాహ్నం అన్నం ఎవరు తీసుకెళ్తారని పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధనలో అడిగితే, ఆయన మాట ముగించక ముందే నేను చెయ్యెత్తాను.

ఆ చెయ్యి నిజంగానే లేచింది. ఇది చెప్పుకోకపోతే నాకు నేను అన్యాయం చేసుకున్నట్టు అవుతుంది. మొదటి వారం పన్నెండున్నరకు క్యారియర్ పట్టుకుని ఆ మెట్లెక్కుతుంటే, పిల్లను ఒళ్లో పెట్టుకున్న ఆ చేతులే గుర్తొచ్చేవి. మెట్టుకొక స్తోత్రం చొప్పున లోలోపల చెప్పుకుంటూ ఎక్కేదాన్ని. అన్నం పెట్టి, కాళ్లకు నూనె రాసి, జడ వేసి దిగివచ్చేదాన్ని. ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి ఆ మాటే చెప్పాను. "సిస్టరమ్మకు అన్నం తీసుకెళ్లడం నాకు దేవుడిచ్చిన ఆశీర్వాదం. ఒక్కో మెట్టు మీద ఒక్కో స్తోత్రం చెప్పుకుంటూ ఎక్కుతున్నాను" అన్నాను. సంఘమంతా స్తోత్రం, స్తోత్రం అన్నారు. అయ్యగారు ఆ మాటను పట్టుకుని ప్రసంగంలో రెండుసార్లు వాడుకున్నారు. నాకు చాలా బాగనిపించింది. అక్కడే ఆగి ఉంటే ఎంత బాగుండేదో. మరుసటి నెల అయ్యగారి భార్య, మా అమ్మగారు, మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పాను. స్త్రీల కూడికలో ఇంకోసారి చెప్పాను. చెప్పినకొద్దీ సాక్ష్యం నున్నగా తయారైంది. మెట్ల మీద స్తోత్రం మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

ఎందుకంటే సిస్టరమ్మకు వంక పెట్టడం వచ్చు. క్యారియర్ మూత తీయగానే వాసన చూసేది.

"ఏమ్మాయ్, ఇవాళ కూడా పప్పులో ఉప్పు మర్చిపోయావా?"

"వేసిన సిస్టరమ్మా, సమంగనే ఉంది."

"మీ సమం మాకు చప్పనే. పచ్చడేదీ? పచ్చడి లేకుండా అన్నం పెట్టడం ఏమిటమ్మా, ఆసుపత్రిలోలాగా!"

ఒక రోజు అన్నం పలుకు, ఒక రోజు ముద్ద. చారులో చింతపండు ఎక్కువ, లేకపోతే తక్కువ. జడ బిగుతైంది, నూనె చల్లగా ఉంది. నేను చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి బతికే మనిషిని. పత్తర్‌గట్టిలో సేఠ్ దుకాణం నుంచి చీరల కట్టలు తెచ్చుకుని ఇంట్లో కుట్టి తిరిగిస్తాను. మిషన్ మీది నుంచి మధ్యలో లేస్తే చేతి ఊపు పోతుంది. పైగా నాకూ మోకాళ్లు పట్టేస్తున్నాయి. అందుకని ఆ మెట్ల మీద నేను చెప్పుకునేది మారిపోయింది. "ఏం తిన్నా వంకే... ఒక్క రోజు మంచిగుందని అన్నదా... నేనే దొరికిన్నా ఈమెకు..." అని గొణుక్కుంటూ మొదటి మెట్టు దగ్గర మొదలుపెడితే తలుపు దగ్గరికి వచ్చేసరికి ముగిసేది. తలుపు దగ్గర మాత్రం ముఖం సర్దుకుని, "వందనాలు సిస్టరమ్మా" అనేదాన్ని.

ఈ సంవత్సరం ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో చీరల దుకాణాల్లో డిస్కౌంట్లు, జనం కొనడం, కొన్నవాటన్నిటికీ ఫాల్ కావాలనడం. ఊపిరాడని పని. అదే సమయంలో మా గల్లీలో బోనాల పందిళ్లు లేచి పొద్దుటి నుంచి మైకులు. ఒక రోజు నేనూ, నా స్నేహితురాలూ కట్టలు తిరిగిచ్చేసి ఆటోలో వస్తున్నాం. ఆమె కూడా ఫాల్ కుడుతుంది, మా సంఘమే. నాకంటే చిన్నది, చెల్లె అంటాను. ఆరాధనలో ఏడేళ్లుగా ఒకే పాటల పుస్తకం ఇద్దరం పట్టుకుని పాడతాం. నా భర్తకు చెప్పని మాటలు కూడా ఆమెకు చెప్పాను. షాలిబండ దగ్గర ఆటో ఆగిపోయింది, ముందు ఊరేగింపేదో పోతోంది. టైము పన్నెండు దాటింది, ఇంకా వంట కాలేదు. నా తల వేడెక్కిపోయింది.

"రోజూ గిదే లొల్లి చెల్లె. పరిగెత్తుకుంట పోవాలె, వండాలె, ఆమెకు మోసుకపోవాలె. మోసుకపోతే ఉప్పు లేదంటది. ఇంక నాతోని కాదు."

"గట్ల అనకు అక్కా. ముసలామె."

"ముసలామెనే. ప్రభువు జల్దిగ పిలుచుకుంటే ఆమెకూ రెస్టు, నాకూ రెస్టు."

అన్నాను. ఆటో చప్పుడులో, ఎండలో, చెమటలో ఆ మాట అనేశాను. అనగానే కొంచెం భయమేసింది కూడా. చెల్లె నా చెయ్యి పట్టుకుని, "ఫికర్ చెయ్యకు అక్కా. ప్రార్థనల పెడ్తా" అంది. మా దగ్గర అందరూ అనే మాటే. ఒంట్లో బాగాలేదంటే ప్రార్థనలో పెడతారు, పిల్లలకు సీటు రాలేదంటే ప్రార్థనలో పెడతారు. నేను సరే అన్నాను. ఇంటికెళ్లి మోకాళ్ల మీద నాకోసం నాలుగు మాటలు చెప్తుందిలే అనుకున్నాను.

సిస్టరమ్మ మెట్లు దిగి చర్చికి రాలేని మనిషి కాబట్టి రెండు వారాలకోసారి గురువారం మధ్యాహ్నం గృహకూడిక ఆమె ఇంట్లోనే పెట్టుకుంటాం. ఆ గురువారం ఏడెనిమిది మందిమి చాపల మీద కూర్చున్నాం, సిస్టరమ్మ మంచం మీద. గల్లీ చివర మైకు హోరెత్తిపోతోంది. పాటలయ్యాయి. ప్రార్థన చెల్లెకు అప్పగించారు. ప్రార్థన మొదలుపెడితే మా ఛత్రినాక భాష ఎక్కడికి పోతుందో గానీ, అందరికీ పాత పుస్తకాల తెలుగు వచ్చేస్తుంది. ఆమెకు కూడా వచ్చేసింది. మైకును దాటి వినపడాలని గొంతు పెంచింది.

"ప్రభువా, మా అక్కను జ్ఞాపకము చేసుకో తండ్రీ. నీ పరిచర్యలో అలసిపోయినది తండ్రీ."

అందరం ఆమెన్ అన్నాం.

"మెట్లు ఎక్కలేక ఆమె మోకాళ్లు నొచ్చుచున్నవి తండ్రీ, స్వస్థపరచుము."

ఆమెన్.

"ఆమె హృదయములో సణుగుడు ప్రవేశించినది ప్రభువా. ఏమి వండినను వంక పెట్టుచున్నదని విసుగుతో అన్నము మోయుచున్నది తండ్రీ. నువ్వు జల్దిగా పిలుచుకుంటే ఆ పెద్దమ్మకూ రెస్టు, నాకూ రెస్టు అని పలికిన ఆ పెదవులను క్షమించుము తండ్రీ!"

"ఆమెన్!" అన్నాను నేను. నా గొంతు ఒక్కటే వినిపించింది. మిగతావాళ్లు మధ్యలోనే ఆగిపోయారు.

కళ్లు తెరిచాను. సిస్టరమ్మ కళ్లు అప్పటికే తెరిచి ఉన్నాయి. నావైపే చూస్తోంది. కోపంగా కూడా కాదు. నేనెవరో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

కూడిక ఎలా ముగిసిందో నాకు తెలియదు. కింద మెట్ల దగ్గర చెల్లెను పట్టుకున్నాను.

"ఏంది చెల్లె గిట్ల జేసినవ్? ఆటోల నీకు చెప్పిన ముచ్చట ఆమె ముంగట చెప్తవా?"

"ఆమెకు నేనేం చెప్పలే అక్కా. దేవునికి చెప్పిన. ప్రార్థనల పెడ్తా అన్న, నువ్వు సరే అన్నవ్."

"దేవునికేమన్నా చెవుడా? గంత గట్టిగ ఎందుకు మొత్తుకున్నవ్?"

"మైకు లొల్లి లేదా బయట?"

నన్ను వెక్కిరించడానికి అన్నదైతే బాగుండేది, అక్కడే తెగతెంపులు చేసుకుని పోయేదాన్ని. కానీ ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నా ఆత్మ కోసం కష్టపడి ప్రార్థిస్తే నేను తిడుతున్నానని బాధపడుతోంది. తను చేసిందేమిటో ఆమెకు నిజంగానే తెలియలేదు. నా మాటను నలుగురిలో అమ్మేసిన మనిషి కన్నీళ్లు పెట్టుకుంటుంటే, నేనే ఆమెను ఓదార్చాల్సి వస్తుందేమోనని భయపడి ఇంటికి వచ్చేశాను. సాయంత్రానికి సంఘం ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో "పరిచర్యలో అలసిన సహోదరి కొరకు ప్రార్థించుడి" అని ఎవరో పెట్టారు. కింద అన్నీ దండం పెట్టే చేతులే. ఫోన్ బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టాను.

మర్నాడు పప్పులో ఉప్పు చూసి మరీ వండాను. మామిడికాయ పచ్చడి పెట్టాను. మెట్లన్నీ నోరు మూసుకుని ఎక్కాను. సిస్టరమ్మ వాకర్ పట్టుకుని తలుపు దాకా వచ్చింది. ఆమె వెనక బల్ల మీద కర్రీ పాయింట్ ప్లాస్టిక్ కవరు కనిపించింది.

"మీకెందుకండీ శ్రమ. నేను బయటి నుంచి తెప్పించుకుంటున్నాను. చాలా థాంక్సండీ" అంది.

మీరు అంది. అండీ అంది. ఏమ్మాయ్ అని తప్ప ఇంకోలా పిలవని మనిషి, నా కూతురి ముందూ నా అత్తగారి ముందూ కూడా 'ఇదిగో నిన్నే' అన్న మనిషి, నన్ను బ్యాంకు గుమాస్తాను పలకరించినట్టు పలకరించింది. తలుపు నెమ్మదిగా, మర్యాదగా మూసింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే కాళ్ల మీద పడేదాన్ని.

క్యారియర్ అలాగే వెనక్కి తెచ్చాను. నా భర్త చూసి, "ఏమైంది, తినలేదా?" అన్నాడు.

"ఉపవాసమంట."

మూడో రోజు కూడా వెనక్కి వచ్చిన క్యారియర్ అన్నమే తింటూ, "మస్తు భక్తిపరురాలే" అన్నాడు. నేను నవ్వలేదు.

పది రోజులు చెల్లె మీద కోపంతోనే గడిచాయి. మిషన్ తొక్కుతూ ఆమెకు చెప్పాల్సిన మాటలన్నీ తయారు చేసుకున్నాను. ఏడేళ్ల స్నేహమే, ఒక్క మాట దాచలేకపోయావే అని. ఆదివారం వేరే వరసలో కూర్చున్నాను. నా చేతిలో పాటల పుస్తకం ఉన్నా పాడలేదు. అయ్యగారు ఆ రోజు బైబిల్లో, అరణ్యంలో దేవుడి మీద సణిగిన జనం గురించే చెప్పారు. ఆయన నావైపు చూడకుండా చెప్పాలని ఎంత కష్టపడ్డారో అందరికీ తెలిసింది. ఆ ప్రసంగమంతా నాకు ఒక్కటే అనిపించింది, నన్ను మోసం చేసిన మనిషి మూడో వరసలో కూర్చుని హాయిగా నోట్సు రాసుకుంటోందని.

పదకొండో రోజు ఉండబట్టలేక ఖాళీ చేతులతో పైకి వెళ్లాను. సిస్టరమ్మ కూర్చోమంది. ఇంకా 'కూర్చోండి' అనే, 'మీరు' అంటూనే.

"ఆమె అట్ల చెప్పుడు తప్పు సిస్టరమ్మా" అన్నాను. "నమ్మి చెప్పిన ముచ్చట నలుగురిల పెట్టింది."

"మీరు అనలేదా ఆ మాట?"

"అన్న."

"మరి ఆవిడ తప్పేంటండీ?"

ఆమె తన మోకాళ్ల మీది దుప్పటి సర్దుకుంది.

"పిలుచుకోమని నేనూ రోజూ అడుగుతున్నానండీ దేవుణ్ణి. ఆ మాటకు నాకు బాధ లేదు. డ్యూటీ రూములో మేము రోగుల గురించి అనని మాట లేదు. అనేవాళ్లం, టీ తాగేవాళ్లం, మళ్లీ వెళ్లి వాళ్లకు పక్క మార్చేవాళ్లం. చాకిరీ చేసే మనిషికి విసుగు రాదా?"

పక్కనున్న చెంబెత్తి రెండు గుక్కల నీళ్లు తాగింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు 'అండీ' పోయింది గానీ, ఆ సంగతి ఆమె గమనించలేదనుకుంటాను.

"నా చెవులు సరిగ్గా పనిచెయ్యవు కదా. దగ్గర కూర్చుని గట్టిగా చెప్తే తప్ప మాట తెలియదు. కానీ మెట్ల మీద ఎవరైనా గొణుగుతూ వస్తే, ఆ గొణుగుడు మంచం పక్క ఈ గోడలోంచి వినిపిస్తుంది. మాటలు అర్థం కావు. ఈ పిల్ల ఏం గొణుగుతోందా అని మొదట్లో అనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం ఫోన్లో ఆరాధన పెట్టుకుంటే నువ్వు సాక్ష్యం చెప్తున్నావు. మెట్టుకో స్తోత్రం అని. ఓహో, ఇదన్నమాట అనుకున్నాను. అప్పట్నుంచి రోజూ పన్నెండున్నర అయ్యేసరికి గోడకు చెవి ఆనించుకుని కూర్చునేదాన్ని. నాకు తిండి పెట్టడానికి వస్తూ ఒక మనిషి దేవుడికి స్తోత్రం చెప్తోంది. ఇంత పనికిరాని ఒళ్లు పెట్టుకుని ఇంకా ఎందుకు బతికున్నానా అనిపించిన రోజున, అది ఒక్కటే ఉండేది నాకు."

ఆ తర్వాత కిటికీ వైపు తిరిగింది. "ఇక వెళ్లిరండి" అంది.

మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయాను. చెల్లె నా మాట ఒకటి బయటపెట్టింది, అంతే. ఆ మాట నాది, నిజమైనది. నేను ఈ ముసలామెకు ఇన్ని నెలలు ఒక అబద్ధం తినిపించాను. ఉప్పు తక్కువైన పప్పుకు ఆమె వంక పెట్టింది గానీ, ఆ అబద్ధాన్ని మాత్రం వంక పెట్టకుండా మింగింది. నా గొణుగుడును చెవి ఆనించి స్తోత్రమని విన్నది. నన్ను ఎవరో మోసం చేశారని పది రోజులు మండిపోయిన దాన్ని, ఆ మెట్టు మీద కూర్చుని నా ముఖం నేనే చూసుకోలేకపోయాను.

తర్వాతి గురువారం కూడిక మళ్లీ ఆమె ఇంట్లోనే. సాక్ష్యాలు ఉన్నవాళ్లు చెప్పండి అన్నారు. లేచాను. ఈసారి మాటలు నున్నగా రాలేదు.

"మెట్టుకో స్తోత్రం అని నేను చెప్పిన కదా. మొదటి వారమే అది నిజం. తర్వాత అంతా సణుక్కుంటనే ఎక్కిన. సిస్టరమ్మ వంక పెడ్తదని సణిగిన, మోకాళ్లు నొస్తున్నయని సణిగిన. అయినా మీ ముందు నిలబడి అదే సాక్ష్యం మళ్ల మళ్ల చెప్పిన, మీరు మెచ్చుకుంటున్నరని. చెల్లె ప్రార్థనల చెప్పిన మాట నేనే అన్న. నా బిడ్డను ఒళ్ల పండబెట్టుకున్న మనిషిని అన్న. గంతే."

స్తోత్రం అనడానికి అందరూ నోళ్లు తెరిచారు, దేనికి అనాలో తెలియక మూసుకున్నారు. గల్లీలో బోనాలు అయిపోయాయి, మైకు కూడా లేదు. చెల్లె తల వంచుకుని చాప పీచు లాగుతోంది. ఆమెను నేను క్షమించానా అంటే ఇంకా పూర్తిగా లేదు. ఇప్పుడు మళ్లీ ఒకే ఆటోలో పత్తర్‌గట్టికి పోతున్నాం, వస్తున్నాం, చీరల గురించే మాట్లాడుకుంటున్నాం. ఆమె "ఎట్లున్నవ్ అక్కా" అంటే "మంచిగున్న" అంటాను. ప్రార్థనలో పెట్టడానికి ఏమీ ఇవ్వను.

అందరూ వెళ్తుంటే సిస్టరమ్మ వాకర్‌తో గుమ్మం దాకా వచ్చింది. నావైపు చూడకుండా, వాకర్ కాలు సరిచేసుకుంటూ అంది.

"ఆ కర్రీ పాయింటు వాడు సోడా ఉప్పు వేస్తున్నాడు. కడుపు ఉబ్బరిస్తోంది."

మర్నాడు పన్నెండున్నరకు క్యారియర్ పట్టుకుని బయలుదేరాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే మోకాలు కలుక్కుమంది. అయినా నోట్లోంచి స్తోత్రమే వచ్చింది. ఎవరూ చెప్పమనలేదు, ఎవరికీ చెప్పుకోవడానికి కాదు. తలుపు మళ్లీ తెరుచుకుంటుందన్న సంతోషానికి వచ్చింది. రెండో మెట్టుకు ఇంకోటి. అలా ఇరవై మూడూ ఎక్కాను, చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు. పైకి చేరేసరికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఏమ్మాయ్, మళ్లీ ఏం సణుగుతున్నావు?"

"సణుగుత లేను సిస్టరమ్మా. స్తోత్రం చెప్తున్న."

లోపల మంచం కిర్రుమంది.

"సర్లే, ముందు అన్నం పెట్టు" అంది.

ఆమె నమ్మలేదు. కంచం కడిగి అన్నం పెట్టాను.